గుడ్డ కింద వేళ్ళు

మా నాయన ఎడ్లు కొనడానికి సంతకు పోయేప్పుడు
డబ్బు నడుముకు కట్టుకొని
మాలకొండయ్యను వెంటబెట్టుకొని పోయేవాడు.
అమ్మేవాడి బేరగాడు తుండుగుడ్డ పరిస్తే
ఆ గుడ్డ కింద మాలకొండయ్య వేళ్ళు
మా నాయన తరఫున మాట్లాడేవి.
పళ్ళు చూసేది ఆయనే, సుళ్ళు లెక్కబెట్టేది ఆయనే,
కాడికి కట్టి పదడుగులు నడిపించి
"మెడ మీద కాయ పాతది, వద్దురా" అనేదీ ఆయనే.

రెండెడ్ల కోసం అంత చేసిన ఇంట్లో పుట్టి
ఇరవై రెండేళ్ళ పీఎఫ్ చేతబట్టుకొని
ఇల్లు కొనడానికి నేను ఒక్కణ్ణే పోయాను.

ఒంగోల్లో, పోతురాజు కాలువకు రెండు వీధులవతల.
చూపించినాయన పేరు హజరత్తయ్య.
టీ తెప్పించాడు.
నా చెప్పులు ఎండలో ఉంటే నీడకు జరిపాడు.
"రేపు ఇంకో పార్టీ వస్తోంది సార్" అన్నాడు, గొంతు తగ్గించి.
ఒట్టు, మంచివాడే.
కాకపోతే ఓనరు ఇచ్చే రెండు శాతం అతని జేబులో ఉంది.
ఎంత మంచివాడైనా
జేబు ఏ వైపు బరువుంటే ఆ వైపే ఒరిగి నడుస్తాడు.

"మనవైపు ఎవరు?" అనడిగింది సుభాషిణి.
"మనవైపు మనమే" అని నవ్వాను.
ఆమె నవ్వలేదు.

మర్నాడు మస్తానమ్మ వచ్చింది.
యాభై దాటిన మనిషి. స్కూటీ డిక్కీలో
టేపు, టార్చి, అరలీటరు పాల ప్యాకెట్టు.
వాకిట్లోనే చెప్పింది:
"నాకు శాతాలొద్దు.
ధర పెరిగితే నాకూ పెరిగేట్టుంటే
నా నాలిక మీద నాకే నమ్మకం ఉండదు.
ఒక మొత్తం అనుకుందాం.
అవతలోళ్ళ టీ కూడా తాగను."

మేం మురిసిపోయిన వంటగది వంక చూడనైనా లేదు.
గోడకు చెంప ఆనించింది.
నడుమెత్తు దాకా రంగు కొత్తది, ఆ పైన పాతది.
గోటితో గీకితే పెచ్చు ఊడింది,
పెచ్చు వెనక కాలువ వాసన.
పక్కింటావిడ పొయ్యి మీద
ఆ బోరు నీళ్ళే పోసి పాలు కాయించింది.
విరిగినయ్.
"ఉప్పు" అంది. అంతే.

ఇక ఈసీ, లింకు డాక్యుమెంట్లు.
పంతొమ్మిదో పేజీలో ఒక చెల్లెలు దొరికింది,
పంపకాల్లో సంతకం పెట్టని చెల్లెలు.
పామూరులో ఉందంట, నిక్షేపంగా.
హజరత్తయ్య ముఖం చూశాను.
తెలుసా? తెలిసే ఊరుకున్నాడా?
చెప్పాల్సిన అవసరం అతనికి లేదు,
అడగాల్సిన తెలివి నాకు లేదు.
ఆ రెండు లేమిల మధ్య
ఎందరు కొబ్బరికాయ కొట్టి కుడికాలు పెట్టారో!

"వద్దు" అంది మస్తానమ్మ.
ఆ మాటకు ఆమెకు పెట్రోలు డబ్బులు కూడా రాలేదు.

డిపోలో చెప్తే టైరు విప్పుతా లాజరు నవ్వాడు:
"బ్రోకరు మీద బ్రోకరా? ఒక జలగ చాలదనా?"
కావచ్చు. నాకూ ఆ అనుమానం పూర్తిగా పోలేదు.
ఆమెకూ పిల్లలున్నారు, ఆమెకూ నెలాఖరుంది.
కానీ లాజరూ,
బ్రేకులు బాగున్నయ్యని నడిపేవాడు చెప్పినా,
బిగించినవాడు చెప్పినా
మనం బస్సును గేటు దాటనిస్తామా?
మూడోవాడు కిందికి దూరి
ఒంటికి గ్రీజు అంటించుకొని సంతకం పెట్టాలి గదా.

పోయిన మంగళవారం పేర్నమిట్టలో ఇంకో ఇల్లు.
చిన్నది. మెట్లు ఇరుకు. మా బీరువా ఎక్కడా పట్టదు.
చూపించింది హజరత్తయ్యే.
అదే టీ, అదే నవ్వు, మళ్ళీ అదే ఇంకో పార్టీ.
మస్తానమ్మ టార్చి నోట కరుచుకొని అటకెక్కింది.
"ఎంతకు అనుకుంటున్నారు సార్?" అన్నాడతను.
అంకె నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
పక్కింట్లో, పొయ్యి మీద,
పాలు ఇంకా కాగుతున్నయ్.